మీటరు చూసే మనిషి

కుతైసిలో, రియోనీ నది మలుపు దగ్గర,
మా ఫోటోలు కడిగే కొట్టుకి
నెలకో రీలు తెచ్చేవాడు బోండో.
కరెంటాఫీసు వాడు. ఇంటింటికీ తిరిగి
మీటర్ల మీది అంకెలు రాసుకుపోయే ఉద్యోగం.
చంకలో లెక్కల పుస్తకం, మెడలో పాత జెనిట్ కెమెరా,
బూట్లకి ఎప్పుడూ ఎవరి పెరటి బురదో.

మొదటి రీలు కడిగినప్పుడు
చెయ్యి తగిలి నొక్కుకుపోయిందేమో అనుకున్నా.
పెళ్లి లేదు, నామకరణం లేదు,
ఇటు చూసి నవ్విన మొహం ఒక్కటంటే ఒక్కటి లేదు.
ఒక చెక్కమెట్టు, దాని మీద జానెడు ఎండ.
ఒక తలుపు గొళ్లెం.
ఉప్పునీళ్ల గిన్నెలో జున్నుగడ్డ, గిన్నె అంచున
సన్నగా, గోరు కత్తిరించి పడేసినంత మెరుపు.
జాలిపడి సగం డబ్బులే తీసుకున్నా.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుని వెళ్లాడు.

తర్వాతి రీలూ అంతే.
నజిబ్రోలా వాళ్ల వసారాలో
తొక్క తీసి దారాలకి వేలాడగట్టిన పెర్సిమన్ పళ్లు,
వెనకనుంచి పొద్దు సోకి
లోపలి గింజ జాడ కూడా తెలుస్తోంది.
కప్పీ తాడు మీద ఉబ్బిన దుప్పటి.
దుప్పటి కింద ఎవరో పిల్లవి రెండు పాదాలు,
మిగతా పిల్లంతా నీడ.

ఒకరోజు అడిగేశా, ఏముందయ్యా వీటిలో అని.
కాసేపు గోడకేసి చూశాడు.
"కరెంటు లేని ఆ చలికాలాలు గుర్తున్నాయా పిక్రియా?
మీటర్లన్నీ చచ్చి పడున్నాయి.
చదవడానికి అంకె లేకపోయినా నేను తిరిగాను,
జీతం రాకపోయినా ఉద్యోగం కదా.
అప్పుడు చూశా. జనం
కుర్చీలు ఈడ్చుకుంటూ ఎండ వెంట పోయేవాళ్లు.
పొద్దున వంటింట్లో, మధ్యాహ్నం మెట్ల దగ్గర,
నాలుగింటికి ఎదురింటి వాళ్ల గోడకి ఆనుకుని,
మాటల్లేని ఎదురింటి వాళ్లే అయినా సరే.
దానికి బిల్లు ఎవడు రాస్తాడు?"

నేను నవ్వేశా.
ఆ చలికాలాల్లో నేను ఏ కుర్చీ జరిపానో
ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మార్చి రీల్లో, పదిహేడో బొమ్మ.
ఎర్రబల్బు కింద, మందునీళ్ల పళ్లెంలో
మెల్లగా తేలి వచ్చింది.
ఖాళీ కుర్చీ. బల్ల అంచు. ఒక గాజు గ్లాసు,
టీ అడుగున మిగిలిన చోట
తేనె పోసినట్టు వెలుగు కూర్చుంది.
ఎవరిదో బాగున్న ఇల్లే అనుకున్నా.
గ్లాసు అంచున పెచ్చు ఊడి ఉంది.
అది నేను పగలగొట్టిన పెచ్చు.

పాతికేళ్లుగా వెలుగుకి భయపడి బతికినదాన్ని.
తలుపు సందున దారప్పోగంత వచ్చినా
కాగితం పాడైపోతుందని
తువ్వాళ్లు తడిపి కుక్కినదాన్ని.
నా కొట్లోకి నాలుగింటికి
ఎవరొచ్చి కూర్చుని పోతున్నారో
నాకేం తెలుసు?

మర్నాడు నాలుగింటికి చీకటిగది వదిలి వచ్చి
బల్ల ముందు నించున్నా.
మబ్బు.
ఆ తర్వాత తొమ్మిది రోజులు వాన,
కుతైసి వాన, మొదలైతే మొహమాటం లేనిది.
పదో రోజున ట్యూబులైటు ఆపి కూర్చున్నా.
నాలుగూ పదికి వచ్చింది.
ముందు నేల మీద, తర్వాత నా చెప్పు మీద,
తర్వాత మోకాలు. వేడి కూడా కాదు,
ఎవరో చెయ్యి వేసి
మళ్లీ తీసుకున్నట్టు.
టీ చల్లారకముందే అయిపోయింది.

నెలాఖరున బోండో వచ్చాడు.
స్టూలెక్కి, చొక్కా చేతితో మీటరు అద్దం తుడిచి
కళ్లు చికిలించి చదివాడు.
పుస్తకంలో పాత అంకె వెతికి మళ్లీ చదివాడు.
"తగ్గిందేం పిక్రియా ఈ నెల?
మీటరేమైనా మొరాయించిందా?"

ఏమో, అన్నా.
గోడ గడియారం చూసి
కుర్చీ బెత్తెడు కుడివైపుకి జరిపా,
దాని పక్కన ఇంకొకటి వేశా.